షార్ట్‌స్టాప్‌కు కాలిబ్రేషన్ సర్టిఫికెట్

నా చేతికి ఒక మనిషినిచ్చి, ఇతను సరిగ్గా చూపిస్తున్నాడో లేదో చెప్పమన్నారు. అప్పటిదాకా నేను పరీక్షించినవన్నీ గుండ్రంగా, ముఖాన గాజుపలకతో, ఎంత నొక్కితే అంత ముల్లు కదిపి ఊరుకునేవే. ఏ ఒక్కటీ తిరిగి "ఏమి సార్, నేను బాగుండానా?" అని అడగలేదు.

ఇరవై ఏళ్ళుగా సౌదీలోని ఖఫ్జీలో నా ఉద్యోగం ప్రెషర్ గేజీలు పరీక్షించడం. ఇక్కడి ఆయిల్ ప్లాంటులో గేజీలెన్ని అని ఎవరైనా అడిగితే ఆకాశంలో చుక్కలకన్నా ఒకటి తక్కువ అంటాను. ఆ ఒక్కటీ పోయిన నెలలో ఫోర్క్‌లిఫ్టు గుద్ది పగిలింది. ఒక్కో గేజీని బల్ల మీద బిగించి, ఒత్తిడి మెట్టు మెట్టుగా పెంచి, మెట్టు మెట్టుగా దించి, ప్రతి మెట్టు దగ్గరా ముల్లు ఎక్కడుందో రాసి, కింద సంతకం పెట్టి, దాని మెడకో స్టిక్కర్ అంటిస్తాను. మళ్ళీ ఎప్పుడు పరీక్షించాలో ఆ స్టిక్కర్ మీద ఉంటుంది.

ఈ పనిలో నేను మూడో దశాంశం దగ్గర కూడా అబద్ధమాడను. గేటు దాటి కారెక్కానా, ఇక నా నోటికి ఏ స్కేలూ చాలదు. సెలవురోజు ఖతీఫ్ చేపల మార్కెట్టుకి వెళ్ళి హమూర్ చేప తెస్తే, అది డిక్కీలో పట్టక తోక బయటికి పెట్టి తెచ్చామనీ, దారిలో ట్రాఫిక్ పోలీసు ఆ తోకకి సెల్యూట్ చేశాడనీ చెబుతాను. పక్కనుంచి మా ఆవిడ "ముప్పావు కిలో" అంటుంది. ఆవిడ ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పని చేస్తుంది. "మీలాగా నేను రిపోర్టులు రాస్తే పేషెంట్లు జబ్బుతో కాదండీ, రిపోర్టు చదివి పోతారు" అని ఆవిడ అభిప్రాయం.

ఇంత నోరున్న మనిషిని నిజం రాయమని ఎవరు అడుగుతారు? అడిగారు. అదే ఇక్కడ చెప్పదలుచుకున్నది.

కాంట్రాక్టర్ల క్యాంపు వెనక, మట్టి పోసి రోలర్ తొక్కించిన ఒక ఖాళీ స్థలం ఉంది. శుక్రవారం పొద్దున్నే, ఎండ ఇంకా మనుషుల్ని వేపడం మొదలుపెట్టకముందు, అక్కడ బేస్‌బాల్ ఆడతారు. ఆ ఆట తెచ్చింది ఒక ఫిలిప్పీన్స్ క్రేన్ ఆపరేటరు. యాభై దాటినవాడు, పొట్టి మనిషి. నలభై టన్నుల వాల్వుని గుడ్డు పెట్టినంత మెత్తగా నేల మీద దించుతాడు కానీ, మైదానంలో మాత్రం అరుపుల్లేకుండా ఒక్క మాటా దించలేడు. అందరూ ఆయన్ని కోచ్ అంటారు. కొంత ఇంగ్లీషు, కొంత అరబీ కలిపి మాట్లాడతాడు. చదివేవాళ్ళ సుఖం కోసం ఆయన మాటలు తెలుగులోనే రాస్తున్నాను.

నన్ను ఆ ఆటలోకి లాగింది నా మడత కుర్చీ. ఒక శుక్రవారం వాకింగుకి వెళ్ళి, కాళ్ళు నొచ్చి, కారులోంచి కుర్చీ తీసి గీత పక్కన కూర్చున్నాను. కోచ్ వచ్చి చూశాడు.

"సర్, కుర్చీ ఉంది. చేతిరాత కూడా బాగుంటుందా?"

"ముత్యాలు. జనం ఏరుకుపోతారని భయపడి దాచుకుంటాను."

"అయితే స్కోరు మీరే రాయండి."

అలా ఆరేళ్ళుగా ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో ప్రతి బంతికీ ఒక గడి, గడి పక్కన రిమార్కులకి కొంచెం చోటు. గడిలో నియమం ప్రకారం రాస్తాను. రిమార్కుల చోటు మాత్రం నా సొంత ఆస్తి. "ఈ దెబ్బకి బంతి కువైట్ వైపు బయల్దేరి, సరిహద్దులో పాస్‌పోర్టు లేక ఆగిపోయింది" వంటివి అక్కడ చాలా ఉన్నాయి.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మైదానంలో నాలుగు మూలలు, ఒకదాంట్లో బ్యాటు పట్టేవాడు. మూడు మూలల్లో గుడ్డతో కుట్టిన చతురస్రపు సంచులుంటాయి. మేము వాటిని దిండ్లు అంటాం. బ్యాటుతో బంతిని కొట్టినవాడు, ఇష్టమున్నా లేకున్నా, మొదటి దిండు దాకా పరిగెత్తాలి. ఆ దిండు మీద కాలు పెట్టి అవతలి జట్టువాడు ఒకడు చేతులు చాచి నిలబడతాడు. పరిగెత్తేవాడి కన్నా ముందు బంతి వాడి చేతికి చేరితే అవుట్. నేల మీద దొర్లుతూ వచ్చే బంతుల్లో పెద్ద వాటా రెండో దిండుకీ మూడో దిండుకీ మధ్య సందులోకి పోతుంది. ఆ సందుని కాచేవాడే షార్ట్‌స్టాప్. బంతి అందుకోవాలి, కళ్ళు మూసి తెరిచేలోగా మొదటి దిండు దగ్గరున్నవాడికి విసరాలి. జట్టులో అందరూ ఒక పూట నిద్రపోయినా ఆట జరుగుతుంది, వాడు మాత్రం తుమ్మడానికి లేదు.

మా మొదటి దిండు మీద కాలు పెట్టేది ఒక పాకిస్తానీ ట్రైలర్ డ్రైవరు. ఎత్తు ఏడడుగులు. టేపు పెట్టి కొలిస్తే ఆరూ రెండు.

రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం కడప జిల్లా కుర్రాడొకడు మైదానానికి వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. ఒక కాంట్రాక్టు కంపెనీలో స్కాఫోల్డింగ్ పని. ప్లాంటులో గోపురాల్లాంటి కాలమ్‌ల చుట్టూ ఇనుప పైపులు బిగించి మనుషులు నిలబడేందుకు మంచెలు కట్టే పని అది. అతను పైపులు బిగిస్తుంటే కింద నుంచి చూశాను. అక్కడ పక్షులు అతన్ని దారి అడుగుతున్నాయి. ఊళ్ళో టెన్నిస్ బంతి క్రికెట్టు ఆడినవాడు. కోచ్ అతని ఎడమచేతికి తోలు గ్లవుజు తొడిగి, షార్ట్‌స్టాప్ సందులో నిలబెట్టి ఒక బంతి కొట్టాడు.

అతను గ్లవుజున్న చేతిని వీపు వెనక పెట్టుకుని, ఉత్త కుడిచేత్తో బంతి అందుకున్నాడు.

"గ్లవుజు ఎందుకిచ్చానయ్యా?" అని కోచ్ అరిచాడు.

"ఇది అడ్డమొస్తాంది సార్. చేతికి చిక్కం కట్టినట్టుండాది" అన్నాడు నా వైపు తిరిగి, తెలుగు ముఖం నాదొక్కటే కనబడి. అంటూనే విసిరాడు. బంతి మొదటి దిండు నడిమధ్యలో, గురి చూసి మేకు కొట్టినట్టు తగిలింది. తగిలి, ట్రైలర్ డ్రైవరు చీలమండని పలకరించి, వెనక్కి పోయింది. కోచ్ తరఫున పరిగెత్తినవాడు హాయిగా దిండు చేరాడు. మా కుర్రాడు మాత్రం రెండు చేతులూ పైకెత్తి గంతేస్తున్నాడు.

"ఉస్తాద్!" అన్నాడు డ్రైవరు ఒంటికాలి మీద. "తకియే కో మత్ మారో, ముఝే దో!"

దిండుని కొట్టకయ్యా, నాకివ్వు అని. మా కుర్రాడికి అర్థం కాలేదు. భాష రాక కాదు, క్రికెట్టులో వికెట్ల మీదికి సూటిగా కొట్టినవాణ్ణి భుజాల మీద ఊరేగిస్తారు కదా, ఇక్కడ తిడతారేమిటని.

గ్లవుజు రెండు నెలల్లో అలవాటైంది. కాళ్ళు ఆరు నెలల్లో. ఏడాది తిరిగేసరికి అతను ఆ సందులో నిలబడితే సందు ఉన్నట్టే ఉండేది కాదు. తుపాకి గుండులా వచ్చిన బంతికి పక్కకి దూకి, నేల మీద పొర్లి, మోకాళ్ళ మీద నుంచే విసిరేవాడు. బంతి వచ్చి డ్రైవరు ఛాతీ మీద వాలేది. రిమార్కుల్లో నేను "భూమి తిరగడం ఒక క్షణం ఆగింది. రియాద్‌లో గడియారాలు సరిచేసుకున్నారు" అని రాశాను. కోచ్ చదివించుకుని విని, "అది నిజమే" అన్నాడు. ఆ పుస్తకంలో ఆయన ఒప్పుకున్న రిమార్కు అదొక్కటే.

ఈ ఏడాది దుబాయ్ నుంచి ఒక కాగితం వచ్చింది.

అక్కడ కొత్తగా ఒక పెద్ద లీగు నడుస్తోంది. అమెరికా మేజర్ లీగుల్లో ఆడి మోకాళ్ళు అరిగినవాళ్ళు, వాటిల్లోకి పోవాలని మోకాళ్ళు అరగదీసుకుంటున్నవాళ్ళు అక్కడ కలుస్తారు. వాళ్ళకి క్రికెట్ దేశాల కుర్రాళ్ళు కొందరు కావలసి వచ్చారు. కోచ్ ఫోనుతో తీసిన వీడియోలు పంపాడు. వాళ్ళు తిరిగి మూడు పేజీల ఫారం పంపారు. ఆటగాణ్ణి ఒక సీజను పూర్తిగా చూసినవాడు నింపాలి, బంధువు కాకూడదు, కోచ్ కాకూడదు.

కోచ్ ఆ ఫారం నా ఒళ్ళో పెట్టాడు.

"నేను రాయకూడదని వాళ్ళు పెట్టింది మంచి రూలే సర్. రాస్తే వాణ్ణి నా దగ్గర ఉంచుకోడానికి రాస్తాను. ఖతీఫ్ జట్టుతో ఆట ఉంది కదా, వాడు లేకపోతే చేపలవాళ్ళు మమ్మల్ని కోసి ఉప్పు పెడతారు. లేదా వాడి మీద ప్రేమతో పంపించడానికి రాస్తాను. రెండూ తప్పే. మీరు రాయండి."

"నా సంగతి తెలిసే అంటున్నావా?"

"కుర్చీలో మీరు అబద్ధాలకోరు సర్. వర్క్‌షాపులో కాదు. ఇది వర్క్‌షాపులో కూర్చుని రాయండి."

ఫారంలో చేతులు, భుజబలం, కాళ్ళు, బ్యాటు, ఆట తెలివి అని అయిదు అంశాలు. ఒక్కోదానికి ఇరవై నుంచి ఎనభై దాకా మార్కులు. సున్నా నుంచి వంద ఎందుకు కాకూడదో ఆ అమెరికా వాళ్ళనే అడగాలి. పనికిరానివాడికి కూడా ఇరవై ఇచ్చే ఆ ఉదారత మా లెక్కల మాస్టారికి ఉంటే నా బాల్యం వేరేగా ఉండేది. చివరి ప్రశ్నకి మూడు డబ్బాలు. పెద్ద లీగుకి ఇప్పుడే సిద్ధం, ఏడాదిలో సిద్ధం, సిద్ధం కాడు. ఒకదానికే టిక్కు. మొదటి డబ్బాలో టిక్కు పడ్డవాళ్ళని ఆరు వారాల క్యాంపుకి పిలుస్తారు. అక్కడ నిలిచినవాడు లీగులో ఉంటాడు. నిలవనివాడికి చేయి ఊపుతారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అదే నెలాఖరుకి మా షార్ట్‌స్టాప్ కాంట్రాక్టు ముగుస్తోంది. ఇంకో ఏడాదికి సంతకం పెడితే ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, పొడిగిస్తామని, పెట్టకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతామని కంపెనీ చెప్పింది. మధ్యలో ఆరు వారాల సెలవు ఇవ్వరు, అడిగి చూశాడు. సంతకం పెడితే ఈ ఏడాదికి దుబాయ్ లేదు. పెట్టకుండా దుబాయ్ పోయి అక్కడ నిలవకపోతే, మళ్ళీ ఈ ఉద్యోగమూ లేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ, నడుముకి సేఫ్టీ బెల్టు వేలాడుతుండగానే అతను నా వర్క్‌షాపుకి వచ్చాడు.

"సార్, కాగితం మీ దగ్గరుండాదంట కదా."

"ఉంది."

"నేనేం అడగను సార్. మీరు ఏ డబ్బాలో టిక్కు పెడితే నేను ఆ పక్క పోతా. మొదటి డబ్బా అయితే సంతకం పెట్టను. కాకపోతే నెలాఖరుకి గమ్మున పోయి పెట్టేస్తా."

"నామీద అంత నమ్మకమా?"

"మీరు సంతకం పెట్టిన గేజీ చూసే కదా సార్, మేము పైపుల పైకి ఎక్కేది. అది తప్పు చూపిస్తే మేమెగిరిపోతాం."

ఇరవై ఏళ్ళలో నా ఉద్యోగానికి దొరికిన ఏకైక సన్మానపత్రం అది. శాలువా లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఒక చిత్తుప్రతి రాశాను. వర్క్‌షాపులో రాయమన్నాడని గుర్తుంది కానీ, ఇంట్లో టీ బాగుంటుంది. అయిదు అంశాలకీ ఎనభై. భుజబలానికి ఎనభై వేసి పక్కన "స్కేలు చాలలేదు" అని రాశాను. కాళ్ళ దగ్గర జింకలు వచ్చాయి. ఆట తెలివి దగ్గర ఒక ఉపగ్రహం వచ్చింది. మా ఆవిడ చదివింది.

"ఇది ఆటగాడికా అండీ, పెళ్ళి సంబంధానికా?"

"అంటే?"

"మా మేనత్త కొడుక్కి సంబంధాలు చూసినప్పుడు ఇలాగే రాశారు. పిల్లాడు బంగారం, ఆరడుగుల అందగాడు అని. వెళ్ళి చూసినవాళ్ళు పకోడీలు తిని తిరిగొచ్చారు. ఆ దుబాయ్ వాళ్ళు కూడా ఒక్క బంతి కొట్టి చూసి పంపేస్తే? అప్పుడు ఆ కుర్రాడు ఎటెళ్తాడండీ?"

"వాడు నిజంగా బాగా ఆడతాడే."

"ఎంత బాగా? మీ ఆఫీసు భాషలో చెప్పండి."

స్కోరు పుస్తకం తెచ్చి తెరిచాను. ఈ రెండేళ్ళలో అతని గురించి నేను రాసినవన్నీ నన్ను కుర్చీలోంచి లేపిన బంతులు. నన్ను లేపని బంతుల పక్కన రిమార్కు లేదు. అలాంటి పుస్తకంతో ఏ గేజీకీ సర్టిఫికెట్ ఇవ్వను.

గేజీల్లో ఒక జాతి ఉంది. ఒత్తిడి బాగా ఉన్నప్పుడు ముల్లు వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడుతుంది. ఒత్తిడి తగ్గి, స్కేలు కింది కొసకి వచ్చేసరికి దాని ఇష్టం దానిది. అందుకే మేము పైన ఒక్కచోటే చూసి సంతకం పెట్టం. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, అన్ని మెట్లూ ఎక్కించి దించుతాం. మనిషికి కూడా అదే చేద్దామనుకున్నాను. తర్వాతి రెండు శుక్రవారాలు ఆట అయిపోయాక కోచ్‌ని ఆపి బంతులు కొట్టించాను, ప్రతి బంతికీ ఒకణ్ణి దిండుకి పరిగెత్తించాను. మొదట మెత్తగా, అతని చేతుల్లోకే నడిచివచ్చేలా. తర్వాత కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా, చివర తుపాకి గుండు. మళ్ళీ అదే వరసలో కిందికి. ఎందుకో అతనికి చెప్పలేదు. గేజీకి కూడా చెప్పం.

తుపాకి గుండ్లన్నీ డ్రైవరు ఛాతీకి చేరాయి. మధ్యవి కూడా చేరాయి.

సుఖమైన బంతులు చేరలేదు. రెండు గెంతులేసి, "నన్ను పట్టుకోండి బాబూ" అని వచ్చే బంతి. పరిగెత్తేవాడు ఇంకా సగం దూరంలోనే ఉన్నాడు. చేతిలో బోలెడంత సమయం. సరిగ్గా ఆ సమయమే అతన్ని చెడగొట్టేది. బంతి అందుకుని, నిటారుగా లేచి, ఒక్కసారి దిండు వైపు చూసేవాడు. చూశాడా, అయిపోయింది. లోపలున్న కడప జిల్లా క్రికెట్టు మొత్తం నిద్ర లేచి భుజంలోకి వచ్చి కూర్చునేది. బంతి పోయి దిండు నడిమధ్య తగిలేది. అన్నిసార్లూ కాదు. కానీ మూడింటికొకటి తప్పనిసరిగా. పైకి వెళ్ళేటప్పుడూ అంతే, కిందికి వచ్చేటప్పుడూ అంతే.

ఇన్నాళ్ళూ నేనది చూడలేదా? చూశాను. పాత పుస్తకం తిరగేస్తే ఆ బంతులన్నీ ఉన్నాయి, గడిలో పొరపాటు గుర్తుతో సహా. పక్కన రిమార్కు చోటు ఖాళీ. నాకు వాటిల్లో కథ కనబడలేదు.

రెండో శుక్రవారం డ్రైవరు బూటు విప్పి కోచ్‌కి చీలమండ చూపించాడు. అది ఖతీఫ్ వంకాయలా ఉంది.

"పెద్ద లీగులో ఇది ఒప్పుకుంటారా?" అని కోచ్‌ని అడిగాను.

ఆయన బంతులు సంచిలోకి ఏరుకుంటూ చెప్పాడు. "సర్, పెద్ద లీగులో కూడా ఎక్కువగా వచ్చేది సుఖమైన బంతే. కష్టమైనది వదిలేస్తే, పాపం గట్టి బంతి అంటారు. సుఖమైనది వదిలేస్తే ఎవరూ క్షమించరు."

"నీకు ముందే తెలుసా?"

"నాకు తెలుసు. చెబితే నా ఆట కోసం చెప్పానంటాడు."

ఫారం ఈసారి వర్క్‌షాపులో నింపాను. జింకలు, ఉపగ్రహం ఎగ్జిట్ అయిపోయాయి. భుజబలం అరవై. చేతులు అరవై. కాళ్ళు యాభై అయిదు. బ్యాటు నలభై, ఎందుకంటే కొట్టాక పరిగెత్తాలా వద్దా అని అతనింకా ఒక క్షణం ఆలోచిస్తాడు, అదీ క్రికెట్టు ఇచ్చిన వరమే. ఆట తెలివి దగ్గర సుఖమైన బంతి సంగతి మూడు వాక్యాల్లో ఉన్నదున్నట్టు రాశాను. టిక్కు రెండో డబ్బాలో పెట్టాను. ఏడాదిలో సిద్ధం. నా చేతిరాతలో అంత చిన్న గుర్తు అంతకు ముందెప్పుడూ లేదు.

పంపే ముందు అతన్ని పిలిచాను. వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. బల్ల మీద బిగించి ఉన్న ఒక గేజీ మా ఇద్దర్నీ చూస్తోంది.

"రెండో డబ్బా" అన్నాను.

అతను తలకాయ ఊపాడు. సేఫ్టీ బెల్టు కొక్కెం తీశాడు, పెట్టాడు, తీశాడు, పెట్టాడు.

"ఏ బంతికి సార్?"

పుస్తకం తెరిచి రెండు శుక్రవారాల పట్టీ చూపించాను. పైకి ఒక వరస, కిందికి ఒక వరస. వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. సుఖమైన బంతుల దగ్గర వేలు ఆగింది.

"ఇది నాకెరుకే సార్. మా ఊర్లో నాకు పేరొచ్చిందే ఈ చేత్తో. ఒకసారి గెలవాలంటే ఒక్క వికెట్టు కావాల, ఒక్కటే స్టంపు కనపడతాంది, కొట్టినా. రెండేండ్లు ఊరంతా ఆ దెబ్బే చెప్పుకున్నారు. దిండు కనపడితే ఈ చెయ్యి ఊరుకోదు."

"గట్టి బంతికి ఊరుకుంటుందిగా?"

"అప్పుడు దిండు చూసే టైమెక్కడిది సార్?" అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "ఒగ మాట చెప్పనా? మీరు పొగుడ్తారనే వచ్చినా ఆ పొద్దు. ఊరంతా అనుకుంటారు, సార్ చేపని ఏనుగంటాడని. మీరు మొదటి డబ్బాలో పెట్టింటే సంతకం పెట్టకుండా పోతాంటి."

"ఇప్పుడైనా పోవచ్చు. ఫారం పంపకుండా ఆపేస్తాను. ఇంకెవరితోనైనా రాయించుకో."

"ఎవరితో? ఇంకెవరికుండాది కుర్చీ?"

నేను గేజీ వైపు చూశాను. దానికేమీ తోచలేదు.

"వచ్చే ఏడాదికి నాకు ఇరవై మూడు సార్. పిలుస్తారా వాళ్ళు?"

"తెలియదు."

ఇరవై మూడంటే ఇంకా పాలబుగ్గలే, ముప్పై దాకా ఆడతారు, నలభైలో కూడా ఆడినవాళ్ళున్నారు అని నోటిదాకా వచ్చింది. ఇంకొంచెం ఊపిరి ఉంటే తొంభై ఏళ్ళ షార్ట్‌స్టాప్‌ని కూడా పుట్టించేవాణ్ణి. తెలియదు అన్న మాట దగ్గరే ఆగాను.

అతను వెళ్ళబోతూ బల్ల మీది స్టిక్కర్ల చుట్ట చూశాడు. "ఇది గేజీలకే అంటిస్తారా?"

"పరీక్ష అయినవాటికి."

"నాకయింది కదా."

ఒకటి చించి, అలవాటు ప్రకారం మళ్ళీ పరీక్షించవలసిన తేదీ వేశాను. సరిగ్గా పన్నెండు నెలల తర్వాతి తేదీ. సంతకం కూడా పెట్టాను. కంపెనీ సామాను దుర్వినియోగం కింద నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇదొక్కటే నేరం. అతను దాన్ని చొక్కా జేబులో, ఐడీ కార్డు వెనక పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఫారం పంపాను. గురువారం అతను కంపెనీ ఆఫీసుకి పోయి ఇంకో ఏడాదికి సంతకం పెట్టాడు. ఆ సంగతి నాకు డ్రైవరు చెప్పాడు, తన చీలమండ తరఫున అభినందనలతోనో సంతాపంతోనో తెలియని ముఖం పెట్టి. దుబాయ్ నుంచి జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు.

ఇంట్లో మా ఆవిడ అడిగింది. "చెప్పేశారా?"

"చెప్పాను."

"ఏమన్నాడండీ?"

"తెలుసన్నాడు."

ఆవిడ ఆ రాత్రి భోజనంలో నా చేప బరువు సరిదిద్దలేదు.

తర్వాతి శుక్రవారమే ఖతీఫ్ జట్టుతో ఆట. వాళ్ళు రెండు వ్యానుల్లో వచ్చారు. నా లెక్కలో రెండు ఓడలు. ఆట సంగతి విడమరిచి చెప్పను, చెబితే ఖతీఫ్ వాళ్ళు దావా వేస్తారు. చివరి అంచె. మేము ఒక పరుగు ముందున్నాం. ఇంకొక్కడు అవుటైతే ఆట మాది. మూడో దిండు మీద వాళ్ళ మనిషి ఒకడు పరుగుకి సిద్ధంగా ఉన్నాడు. వాళ్ళ జట్టులో అందరికన్నా లావుపాటి ఆసామి బ్యాటు పట్టుకుని వచ్చాడు.

కొట్టాడు. బంతి రెండు గెంతులేసి, మా షార్ట్‌స్టాప్ గ్లవుజు అడ్రసు కనుక్కుని మరీ వచ్చింది. అంత సుఖమైన బంతిని నేను ఆరేళ్ళలో చూడలేదు. ఇది పెంచి చెప్పడం కాదు. ఆ లావుపాటి ఆసామి నాలుగడుగులు వేసి, అయిదో అడుగు గురించి ఆలోచిస్తున్నాడు.

మా కుర్రాడు బంతి అందుకుని నిటారుగా లేచాడు. దిండు వైపు చూశాడు.

డ్రైవరు ఆ చూపు చూశాడు. చూసి, దిండు మీద కాలు తీయలేక, ఉన్నచోటే ఆ కాలిని వీలైనంత సన్నగా చేసుకున్నాడు. కోచ్ క్యాపు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కుర్రాడు గ్లవుజున్న చేతిని ఒక్కసారి తన ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడు కనబడింది నాకు, గ్లవుజు మణికట్టు పట్టీ మీద తెల్లగా, చిన్నగా, నా సంతకంతో ఉన్న స్టిక్కర్. దాన్నే చూశాడో, చెమటే తుడుచుకున్నాడో ప్రమాణం చేసి చెప్పలేను. కళ్ళు దిండు మీద నుంచి పైకి ఎత్తాడు. విసిరాడు.

బంతి డ్రైవరు ఛాతీ దగ్గర, రెండు చేతుల మధ్య, ఉండవలసిన చోట ఉంది. ఆసామి ఇంకా దారిలోనే ఉన్నాడు.

అందరూ అరుస్తూ లోపలికి పరిగెత్తారు. డ్రైవరు బంతిని వదిలేసి ముందు తన చీలమండ తడిమి చూసుకున్నాడు. కోచ్ ముఖం మీంచి క్యాపు తీయకుండానే "అవుటా? అవుటా?" అని అడుగుతున్నాడు. నేను పెన్ను తీశాను. ఆ ఆటలో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. షార్ట్‌స్టాప్ ఆరు, మొదటి దిండువాడు మూడు. గడిలో 6–3 అని రాశాను. పక్కన రిమార్కు చోటు ఉంది, పెన్నులో ఇంకు ఉంది, నా దగ్గర ఒక తుఫాను, రెండు భూకంపాలు సిద్ధంగా ఉన్నాయి. పుస్తకం మూసేశాను.

గుంపులోంచి తప్పించుకుని అతను నా కుర్చీ దగ్గరికి వచ్చాడు, దుమ్ము కొట్టుకుని, రొప్పుతూ.

"ఏం రాసినారు సార్?"

"ఆరు మూడు."

"అంతేనా?"

"అంతే."

"ఒగ రెండు మాటలు ఎక్కువ రాయొచ్చు కదా సార్. ఈ పొద్దు కాకపోతే ఇంకెప్పుడు?"

"ఒక్క బంతితో సర్టిఫికెట్ ఇవ్వరు" అన్నాను. "స్టిక్కర్ మీద తేదీ చూసుకో."

అతను చూసుకున్నాడు. చెమటకి ఒక మూల లేచింది. దాన్ని బొటనవేలితో గట్టిగా అదిమి, నా కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, నా కన్నా ముందు కారు వైపు నడిచాడు.